తెలుగు మాన్ పేజీలలో అక్షర సంకేతీకరణ దోషాలు: పాఠపరిష్కరణ దృష్టితో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

లినక్స్ వ్యవస్థలో ఒక్కొక్క ఆదేశం వాడుకను వివరించే మార్గదర్శక పుటలను మాన్ పేజీలు అంటారు. వీటిని తెలుగులోకి అనువదించినప్పుడు అనువాదంలో దోషం లేకపోయినా తెరపై పాఠం చెడిపోయి కనిపించే సందర్భాలున్నాయి. అటువంటి ప్రతి చెడునూ ‘ఫాంటు సమస్య’ అని ఒకే పేరుతో పిలవడం వాడుకలో స్థిరపడింది. ఈ దోషాలు ఒకే స్థాయికి చెందినవి కావనీ, వాటిలో కొన్ని పాఠాన్ని తాకకుండా దృశ్యాన్ని మాత్రమే చెరుపుతాయనీ, కొన్ని పాఠాన్నే నశింపజేస్తాయనీ ఈ వ్యాసం నిరూపిస్తుంది. ఉమ్మడి అనంతపురం జిల్లా ఊళ్ల పేర్లను ఉదాహరణలుగా తీసుకొని, ఏ తెలుగు అక్షరాలు ఏ దశలో పోతాయో లెక్కకట్టి చూపుతుంది. తాళపత్ర ప్రతుల పరిష్కరణలో తెలుగు పరిశోధకులు అలవరచుకున్న పద్ధతి ఈ దోషనిర్ణయానికి ఎలా ఉపకరిస్తుందో వివరిస్తుంది.

కీలకపదాలు: అక్షర సంకేతీకరణ, యూనికోడ్, యూటీఎఫ్-8, మాన్ పేజీలు, లినక్స్, పాఠపరిష్కరణ, అనంతపురం.

1. ఉపోద్ఘాతం

గుత్తికి చేరువలో, కర్నూలు జిల్లాలో ఉన్న ఎర్రగుడి బండలపై అశోకుని శాసనాలున్నాయి. వాటిలోని లఘుశిలాశాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుండి కుడికి, కొన్ని కుడి నుండి ఎడమకు సాగుతాయి. నాగలి చాలు చివర ఎద్దులు తిరిగి వచ్చినట్లు రాత తిరిగి వస్తుంది. ఈ సంగతి తెలియకుండా అన్ని పంక్తులనూ ఎడమ నుండి చదివితే రాతిమీది అక్షరం ఒక్కటీ చెడదు, కాని అర్థం దక్కదు. చదివే నియమం రాతిపై రాసి లేదు. దానిని చదువరి వేరుగా తెలుసుకోవాలి.

కంప్యూటర్‌లోని పాఠానిదీ ఇదే స్థితి. ఫైల్‌లో ఉండేవి అక్షరాలు కావు, సంఖ్యలు. ఏ సంఖ్య ఏ అక్షరమో చెప్పే నియమమే అక్షర సంకేతీకరణ. చాలా సందర్భాలలో ఆ నియమం ఫైల్ లోపల ఉండదు. రాసినవారు ఒక నియమాన్నీ చదివే యంత్రం మరొక నియమాన్నీ పాటిస్తే పాఠం తారుమారవుతుంది.

తెలుగు పరిశోధకులకు పాఠం తారుమారు కావడం కొత్త కాదు. ఒక ప్రతి నుండి మరొక ప్రతికి ఎత్తి రాసేటప్పుడు లేఖకుడు చేసే పొరపాటును లేఖకప్రమాదం అన్నారు. అచ్చుయంత్రం వచ్చాక అచ్చుతప్పు వచ్చింది. లిపి మారుతూ వచ్చిన క్రమాన్ని, అనంతపురం జిల్లాలో పుట్టిన తిరుమల రామచంద్ర ‘మన లిపి పుట్టుపూర్వోత్తరాలు’ గ్రంథంలో వివరించారు. సంకేతదోషం ఈ వరుసలో చివరిది. అయితే దీనికి ఒక ప్రత్యేకత ఉంది. లేఖకుని పొరపాటుకు అలసట, అజాగ్రత్త, శ్రవణదోషం వంటి కారణాలుంటాయి కనుక అది ఒకచోట ఉండి మరొకచోట ఉండకపోవచ్చు. యంత్రం చేసే సంకేతదోషం మొదటి పుట నుండి చివరి పుట వరకూ ఒకే సూత్రం ప్రకారం జరుగుతుంది. సూత్రం తెలిస్తే పాఠాన్ని వెనక్కి తేవచ్చు. ఎక్కడ తేలేమో కూడా ఆ సూత్రమే చెబుతుంది.

ఈ అధ్యయనానికి మాన్ పేజీలను ఎంచుకోవడానికి కారణం ఉంది. పాఠం రచన నుండి తెర వరకు దాటవలసిన దశలు వీటిలో విడివిడిగా కనిపిస్తాయి. కనుక దోషం ఏ దశలో చేరిందో వేరుచేసి చూపడానికి ఇవి అనువైనవి.

2. మాన్ పేజీ: పాఠం ప్రయాణించే దారి

యునిక్స్ వ్యవస్థకు తొలి మార్గదర్శక గ్రంథం 1971 నవంబరులో వెలువడింది. కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ రూపొందించిన ఆ గ్రంథపు పద్ధతినే నేటి లినక్స్ మాన్ పేజీలు అనుసరిస్తున్నాయి. ప్రతి పేజీలో పేరు, వాడే విధానం, వివరణ, ఐచ్ఛికాలు, ఇవీ చూడండి వంటి శీర్షికలు ఒక క్రమంలో వస్తాయి. ఈ పేజీలు కంప్యూటర్‌లోనే ఉంటాయి. వాటిని చదవడానికి అంతర్జాల సౌకర్యం అక్కరలేదు.

మాన్ పేజీ మూలం తెరపై కనిపించే రూపంలో ఉండదు. శీర్షిక ఎక్కడ, పేరా ఎక్కడ అని చెప్పే ఆదేశాలతో కలిసి ఉంటుంది. పంక్తి మొదట చుక్క ఉంటే యంత్రం దానిని పాఠంగా కాక ఆదేశంగా తీసుకుంటుంది. పంక్తి మొదట ఒంటి ఉద్ధరణ చిహ్నం ఉన్నా అంతే. తెలుగు వాక్యంలో ఒక మాటను ఒంటి ఉద్ధరణ చిహ్నాల మధ్య పెట్టినప్పుడు, ఆ మాట పంక్తి మొదటికి వస్తే ఆ పంక్తి మొత్తం తెరపై కనిపించకుండా పోవచ్చు. ఇది సంకేతీకరణ దోషం కాకపోయినా అనువాదకులు దానిని అలాగే భ్రమిస్తారు.

వాడుకరి ఒక పేజీని అడిగినప్పుడు జరిగే క్రమం ఇది. ముందుగా మాన్ ఆదేశం వాడుకరి ఎంచుకున్న భాషను చూసి, ఆ భాష పేరుతో ఉన్న సంచయంలో పేజీని వెతుకుతుంది. దొరికిన ఫైల్ కుదించి ఉంటే విప్పుతుంది. తరువాత ఒక పూర్వసంస్కారకం పాఠపు సంకేతీకరణను గుర్తించి తగిన రూపంలోకి మారుస్తుంది. ఆపై జీరాఫ్ అనే ఉపకరణం పంక్తులను తీర్చిదిద్దుతుంది. చివరకు పుటలు తిప్పే ఉపకరణం దానిని టెర్మినల్‌కు అందిస్తుంది. ఇన్ని చేతులు మారే పాఠం చెడకుండా ఉండాలంటే ప్రతి దశలోనూ ఒకే నియమం అమలు కావాలి.

ఇక్కడొక పోలిక అవసరం. సాఫ్ట్‌వేర్ తెరలపై కనిపించే మాటల అనువాదానికి వాడే పీవో ఫైళ్లలో, సంకేతీకరణ ఏదో మొదట్లోనే రాసి ఉంటుంది. గ్రంథానికి పీఠిక ఉన్నట్లు ఆ ప్రకటన పాఠంతోపాటే ప్రయాణిస్తుంది. మాన్ పేజీ మూలానికి అటువంటి ప్రకటన తప్పనిసరి కాదు. మొదటి పంక్తిలో వ్యాఖ్యగా దానిని రాసే వీలుంది, కాని రాయకపోయినా ఎవరూ ఆక్షేపించరు. ప్రకటన లేనప్పుడు యంత్రం ఊహిస్తుంది. దోషాలలో అధికభాగం ఈ ఊహలో పుట్టినవే.

3. తెలుగు అక్షరానికి సంకేతం

భారతీయ లిపులన్నింటికీ ఉమ్మడిగా ఇస్కీ అనే ప్రమాణాన్ని భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో ప్రకటించింది. అందులో ఒకే సంఖ్య అన్ని లిపులలోని సమానాక్షరాన్ని సూచిస్తుంది. 179 అంటే తెలుగులో ‘క’, దేవనాగరిలోనూ కన్నడంలోనూ ఆ లిపుల కకారం. ఏ లిపిలో చూపాలో వేరొక సూచిక చెప్పాలి. ఆ సూచిక జారిపోతే తెలుగు పాఠం మరో లిపిలో తేలుతుంది.

అదే 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణం తెలుగుకు సొంతంగా 128 స్థానాలు కేటాయించింది. దశాంశ లెక్కలో అవి 3072 నుండి 3199 వరకు. ఈ స్థానాలకు సంకేతబిందువులని పేరు. వాటిని ఫైల్‌లో ఎలా నిల్వ చేయాలో చెప్పే పద్ధతులలో, 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన యూటీఎఫ్-8 నేడు సర్వత్రా వాడుకలో ఉంది. ఈ పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతబిందువూ 3 బైట్లుగా నిలుస్తుంది.

ఈ రెండింటికీ సమాంతరంగా తెలుగు అచ్చురంగం మూడో దారిలో నడిచింది. ఆంగ్ల అక్షరాల సంఖ్యా స్థానాలలో తలకట్టు, గుణింతపు గుర్తు, వత్తు వంటి ముక్కలను అమర్చిన ఫాంట్లు వచ్చాయి. ఏ స్థానంలో ఏ ముక్క అనేది ఫాంటు ఫాంటుకూ వేరు. ఇటువంటి పాఠంలో తెలుగు అక్షరమంటూ ఏదీ నిల్వ ఉండదు, దాని బొమ్మ ముక్కలు మాత్రమే ఉంటాయి. ఆ ఫాంటు లేనిచోట అది అర్థంలేని ఆంగ్ల అక్షరాల వరుస. తెలుగు వార్తాపత్రికల వెబ్‌సైట్లు ఒక్కొక్కటి ఒక్కొక్క ఫాంటు వాడిన కాలంలో, వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపడానికి ఫైర్‌ఫాక్స్ విహరిణికి ‘పద్మ’ అనే అనుబంధం రావలసి వచ్చింది.

రష్యన్‌కు కేఓఐ8-ఆర్, జపనీస్‌కు ఈయూసీ-జేపీ, జర్మన్‌కు ఐఎస్ఓ 8859-1 అనే పాత సంకేతీకరణలలో మాన్ పేజీలు ఉండేవి. లినక్స్‌లోని గ్లిబ్‌సీ గ్రంథాలయం తెలుగు లొకేల్‌ను యూటీఎఫ్-8లో మాత్రమే ఇస్తుంది. పాత బరువు లేకపోవడం తెలుగుకు ఒక విధంగా మేలు. కాని, జీరాఫ్ వంటి ఉపకరణాలు పాశ్చాత్య లిపులను దృష్టిలో పెట్టుకొని పుట్టాయి. వాటికి ఏమీ చెప్పనప్పుడు అవి ఊహించేది ఐఎస్ఓ 8859-1నే.

4. బైట్ స్థాయి దోషాలు

యూటీఎఫ్-8లో తెలుగు అక్షరాలన్నింటికీ మొదటి బైట్ 224. రెండో బైట్ 176 లేదా 177. మూడో బైట్ 128 నుండి 191 వరకు మారుతుంది. ఉదాహరణకు ‘త’ 224, 176, 164గా, ‘ె’ 224, 177, 134గా నిల్వ ఉంటాయి. అచ్చులు, హల్లులు, ా, ి రెండో బైట్ 176గా గల వర్గంలో చేరతాయి. ‘ీ’ నుండి మిగిలిన గుణింతపు గుర్తులు, పొల్లు 177 వర్గంలో చేరతాయి. ఈ చిన్న నిర్మాణం తెలిస్తే మూడు రకాల దోషాలను వేరుచేయవచ్చు.

4.1 అన్యపఠనం: పాఠాన్ని ఐఎస్ఓ 8859-1గా చదివితే ప్రతి బైట్ ఒక అక్షరమవుతుంది. 224 తలపై వాలుగీత ఉన్న లాటిన్ ‘ఏ’గా, 176 డిగ్రీ గుర్తుగా, 177 ± గుర్తుగా కనిపిస్తాయి. తెరపై ఈ మూడు గుర్తులే పదేపదే వస్తుంటే అది యూటీఎఫ్-8 తెలుగు పాఠమే అని నిశ్చయించవచ్చు. ఇక్కడ ఫైల్ చెడలేదు. సరైన నియమంతో మళ్లీ చదివితే పాఠం యథాతథంగా వస్తుంది. ఎర్రగుడి పంక్తిని ఎడమ నుండి చదివినంత మాత్రాన బండ చెడదు కదా.

4.2 లోపపఠనం: విండోస్ వ్యవస్థల్లో వాడే విండోస్-1252 పట్టికలో 129, 141, 143, 144, 157 అనే ఐదు స్థానాలు ఖాళీ. యూటీఎఫ్-8 తెలుగు పాఠాన్ని ఆ పట్టిక ప్రకారం తెరచి భద్రపరచినప్పుడు, కొన్ని సాఫ్ట్‌వేర్లు ఖాళీ స్థానాలను అలాగే దాచి ఉంచుతాయి, నియమాన్ని కచ్చితంగా పాటించేవి వాటిని ప్రశ్నార్థకంతో నింపుతాయి. రెండో పద్ధతిలో పోయే తెలుగు అక్షరాలను లెక్కకడితే ఇలా తేలుతుంది. 129తో అరసున్న, ‘ు’ పోతాయి. 141తో పొల్లు పోతుంది. 143తో ‘ఏ’, 144తో ‘ఐ’, 157తో ‘ఝ’, నకారపొల్లు పోతాయి.

వీటిలో పొల్లు, కొమ్ము పోవడమే అసలు నష్టం. పొల్లు లేనిదే సంయుక్తాక్షరం లేదు. కొమ్ము లేనిదే తెలుగు ప్రథమావిభక్తి ప్రత్యయాలు లేవు. ఊళ్ల పేర్లతో చూస్తే తేడా స్పష్టమవుతుంది. కదిరి, మడకశిర, ఉరవకొండ అనే పేర్లలో పోయే బైట్ ఒక్కటీ లేదు. అవి పూర్తిగా వెనక్కి వస్తాయి. తాడిపత్రిలోనూ ధర్మవరంలోనూ పొల్లు పోతుంది. హిందూపురం, పెనుకొండ కొమ్మును పోగొట్టుకుంటాయి. గుత్తి, పుట్టపర్తి, గుంతకల్లు రెండింటినీ పోగొట్టుకుంటాయి. ఒకే ఫైల్‌లో, ఒకే దోషానికి గురై, కదిరి నిలిచి గుత్తి చెడుతుంది.

పాఠపరిష్కర్త పని ఇక్కడ మొదలవుతుంది. మూడో బైట్ పోయినా మొదటి రెండూ మిగిలి ఉంటాయి. రెండోది 177 అయితే పోయినది కొమ్ము కావాలి, లేదా పొల్లు కావాలి. నకారపొల్లు యూనికోడ్‌లో 2021లో చేరింది కనుక అంతకుముందు పాఠాలలో దాని ప్రసక్తి లేదు. ‘గుత్తి’లో మిగిలేది ‘గ, ఖాళీ, త, ఖాళీ, తి’. మొదటి ఖాళీ కొమ్ము, రెండోది పొల్లు అని భాషాజ్ఞానం చెబుతుంది. కాని ‘పలుకు’, ‘పల్కు’ అనే రెండు రూపాల శేషమూ ఒక్కటే: ‘ప, ల, ఖాళీ, క, ఖాళీ’. పద్యంలో ఈ మాట వస్తే నిర్ణయించగలిగేది ఛందస్సు మాత్రమే. మొదటి రూపం మూడు లఘువులు, రెండోది గురువుపై లఘువు. నిలుచు, నిల్చు వంటి జంటలకూ ఇదే వర్తిస్తుంది. ఇది యంత్రం తేల్చగల సమస్య కాదు.

4.3 నిరాకరణ: మాన్ పేజీలకే ప్రత్యేకమైన దోషం ఇది. జీరాఫ్ తన లోపలికి వచ్చే పాఠంలో 128 నుండి 159 వరకు గల బైట్లను చెల్లనివిగా తోసిపుచ్చుతుంది. పూర్వసంస్కారకం లేకుండా యూటీఎఫ్-8 తెలుగు పేజీని దానికి నేరుగా ఇస్తే, అచ్చులన్నీ, ‘క’ నుండి ‘ట’ వరకు హల్లులన్నీ, ‘ీ’ నుండి గుణింతాలన్నీ, పొల్లూ తమ మూడో బైట్‌ను పోగొట్టుకుంటాయి. గుణింతపు గుర్తులలో మిగిలేవి ‘ా’, ‘ి’ మాత్రమే. అంటే ముందటి దోషంలో క్షేమంగా నిలిచిన కదిరి కూడా ఇక్కడ తన మొదటి అక్షరాన్ని కోల్పోతుంది. 2009లో వచ్చిన జీరాఫ్ 1.20తో ప్రీకాన్వ్ అనే పూర్వసంస్కారకం చేరింది. అది యూటీఎఫ్-8 అక్షరాలను జీరాఫ్‌కు అర్థమయ్యే పేర్లుగా మార్చి అందిస్తుంది. ఈ నష్టం తెరకే పరిమితం, మూలఫైల్ భద్రంగా ఉంటుంది. కాని తెరపై వచ్చినదానిని కాపీ చేసుకున్నవారి చేతిలో ఉండేది నష్టపాఠమే.

5. గడుల లెక్క, అక్షరరూపం

బైట్లు సరిగా చేరినంత మాత్రాన పేజీ సరిగా కనిపిస్తుందని కాదు. టెర్మినల్ తెర సమానమైన గడుల పట్టిక. పరంపరగా దాని వెడల్పు 80 గడులు. పంక్తి ఎక్కడ విరవాలో జీరాఫ్ గడులు లెక్కపెట్టి తేలుస్తుంది. ‘ఒక అక్షరం అంటే ఎంత’ అనే ప్రశ్న దగ్గర తెలుగు చదువరికీ యంత్రానికీ పొత్తు కుదరదు.

‘గుత్తి’ని తెలుగు చదువరి 2 అక్షరాలుగా లెక్కిస్తాడు. యూనికోడ్‌లో అది 6 సంకేతబిందువులు, ఫైల్‌లో 18 బైట్లు, టెర్మినల్ సాధారణ గణనలో 4 గడులు. ‘పుట్టపర్తి’ 4 అక్షరాలు, 10 సంకేతబిందువులు, 30 బైట్లు, 7 గడులు. ‘అనంతపురం’ 5 అక్షరాలు, 8 సంకేతబిందువులు, 24 బైట్లు, 8 గడులు. యూనికోడ్ గుణనిర్ణయంలో ‘ి’, పొల్లు వంటివి చోటు ఆక్రమించని గుర్తులు, ‘ు’, ‘ం’ వంటివి చోటు ఆక్రమించే గుర్తులు కావడం వల్ల ఈ తేడా వస్తుంది.

జీరాఫ్ చిరకాలంగా ప్రతి సంకేతబిందువుకూ కనీసం ఒక గడి చొప్పున లెక్కిస్తూ వచ్చింది. ‘గుత్తి’కి అది 6 గడులు కేటాయిస్తే టెర్మినల్ 4 గడులలో చూపుతుంది. ఫలితంగా తెలుగు పంక్తులు కుడి అంచుకు చేరకముందే విరుగుతాయి, పట్టికల నిలువు వరుసలు చెదురుతాయి. తెలుగు సంశ్లేషాత్మక భాష కావడం దీనికి తోడవుతుంది. ‘చేయవలసివచ్చినప్పుడు’ అనే ఒక్క మాట 10 అక్షరాలు, కాని 19 సంకేతబిందువులు. ఇంత పొడవైన మాట పంక్తి చివర ఇమడక కిందికి దిగితే, రెండు అంచులూ సమం చేసే ప్రయత్నంలో పై పంక్తి మాటల మధ్య పెద్ద ఖాళీలు ఏర్పడతాయి.

తరువాతి మెట్టు అక్షరరూపం. సంకేతబిందువులను కలిపి ‘త్తి’ అనే రూపంగా తీర్చడం రూపకల్పన యంత్రం పని. అన్ని టెర్మినల్ కార్యక్రమాలకూ ఆ సామర్థ్యం లేదు. లేనిచోట వత్తులు విడిపోయి, గుణింతాలు చుక్కల వలయాల పక్కన వేలాడతాయి. ఈ పని ఎంత సున్నితమైనదో 2018 ఫిబ్రవరిలో లోకానికి తెలిసింది. జ, పొల్లు, ఞ, కంటికి కనబడని ఒక విభాజకం, ‘ా’ అనే వరుస తెరపైకి రాగానే ఐఫోన్లలోని కార్యక్రమాలు కూలిపోయాయి. ఆపిల్ సంస్థ ఐఓఎస్ 11.2.6తో దానిని సరిచేసింది.

చిత్రమయ తెర లేని లినక్స్ పాఠ్యకన్సోల్‌లో పరిస్థితి మరింత ఇరుకు. అందులో ఒకేసారి 256 లేదా 512 అక్షరరూపాలకే చోటు. సంయుక్తాక్షరాలతో కూడిన తెలుగు ఆ చోటులో ఇమడదు. కంప్యూటర్ చెడి, చిత్రమయ తెర రానప్పుడు మిగిలేది ఈ కన్సోల్ ఒక్కటే. మార్గదర్శక పుట అత్యంత అవసరమైన ఘడియలోనే తెలుగు పుట చదవరానిదవుతుంది. తెలుగు మాన్ పేజీల ఉపయోగాన్ని అంచనా వేసేటప్పుడు ఈ పరిమితిని దాచకూడదు.

6. వెతుకులాటలో దోషాలు

కంటికి సరిగా కనిపించే పాఠం కూడా వెతికినప్పుడు దొరకకపోవచ్చు. దీనికి నాలుగు కారణాలున్నాయి.

మొదటిది అదృశ్య విభాజకం. ‘సాఫ్ట్‌వేర్’ అనే మాటలో ట, వ కలిసి సంయుక్తం కాకుండా వాటి మధ్య కంటికి కనబడని సంకేతబిందువును ఉంచుతారు. దాని సంఖ్య 8204. కొందరు దానిని ఉంచుతారు, కొందరు ఉంచరు. ఒకరు రాసిన మాట మరొకరు వెతికితే దొరకదు. మాన్ పేజీలలో ఆంగ్లం నుండి వచ్చిన పొల్లుమాటలు అధికం కనుక ఈ చిక్కూ అధికమే. సిస్టం, సిస్టమ్ వంటి వర్ణక్రమ భేదాలు దీనికి అదనం.

రెండోది ద్విరూపత. ‘ై’ గుర్తును యూనికోడ్ ఒకే సంకేతబిందువుగానూ, ‘ె’, దానికింద వచ్చే ఐత్వపు ముక్క అనే రెండింటి కలయికగానూ అంగీకరిస్తుంది. రెండూ సమానమేనని ప్రమాణం చెబుతున్నా, బైట్లను పోల్చే సాధారణ ఉపకరణానికి అవి వేర్వేరు. ‘ఫైల్’ అనే మాటే రెండు విధాలుగా ఉండవచ్చు. రెంటినీ ఒకే రూపానికి తెచ్చే సమీకరణ ప్రక్రియను ముందుగా జరపడమే దీనికి పరిష్కారం.

మూడోది శీర్షిక. మాన్ పేజీల సూచికను తయారుచేసే ఉపకరణం ‘పేరు’ అనే శీర్షిక కింద ఉన్న ఒక్క పంక్తి వివరణను సేకరిస్తుంది. ఆ శీర్షిక వివిధ భాషలలో ఎలా ఉంటుందో ఒక పట్టిక ద్వారా దానికి తెలియాలి. ఆ పట్టికలో తెలుగు మాట లేకపోతే, లేదా ఒక అనువాదకుడు ‘పేరు’ అనీ మరొకరు ‘నామం’ అనీ రాస్తే, పేజీ ఉండి కూడా సూచికలో చేరదు. పరిభాషలో ఏకరూపత అనేది శైలీవిషయం మాత్రమే కాదనడానికి ఇది నిదర్శనం.

నాలుగోది అడ్డగీత. ఆదేశాల ఐచ్ఛికాలకు ముందు వచ్చే గీత సంఖ్య 45. మూలంలో దానిని సరైన గుర్తుతో రాయకపోతే, యూటీఎఫ్-8 తెరపై అది 8208 సంఖ్య గల వేరొక గీతగా మారవచ్చు. చూపుకు తేడా లేదు. పేజీ నుండి ఆదేశాన్ని కాపీ చేసి వాడితే మాత్రం అది పనిచేయదు. విద్యార్థి తన తప్పే అనుకుంటాడు.

7. లక్షణాలను బట్టి దోషనిర్ణయం

పై పరిశీలనను క్రోడీకరిస్తే, తెరపై కనిపించే లక్షణాన్ని బట్టి దోషస్థాయిని ఇలా గుర్తించవచ్చు.

అక్షరాల స్థానంలో ఖాళీ పెట్టెలు కనిపిస్తే ఫాంటులో ఆ రూపం లేదని అర్థం. పాఠం భద్రం. కడప జిల్లా కలమళ్ల శాసనం వంటి ప్రాచీన శాసనాలలో కనిపించే ‘ఴ’ యూనికోడ్‌లో 2014లో చేరింది. అంతకుముందు ఫాంట్లలో అది పెట్టెగానే కనిపిస్తుంది. ‘ఫాంటు సమస్య’ అనే మాట నిజంగా వర్తించేది ఇక్కడే.

డిగ్రీ గుర్తు, ± గుర్తు పదేపదే వస్తే అన్యపఠనం. పాఠాన్ని మార్చకుండా, భద్రపరచకుండా, సరైన సంకేతీకరణతో మళ్లీ తెరవాలి. పొరపాటున భద్రపరిస్తే 4.2లో చెప్పిన నష్టం సంభవిస్తుంది.

ప్రశ్నార్థకాలు వస్తే ముందు మూలఫైల్‌ను చూడాలి. వాడుకరి లొకేల్ యూటీఎఫ్-8 కానందువల్ల తెరపై మాత్రమే అవి వచ్చి ఉండవచ్చు. మూలంలోనే ఉంటే నష్టం జరిగిపోయింది. వేరొక ప్రతి కోసం వెతకాలి, దొరకకపోతే మిగిలిన బైట్ల ఆధారంగా పరిష్కరించాలి.

వత్తులు విడిపోయి, చుక్కల వలయాలు కనిపిస్తే రూపకల్పన లోపం. పాఠం భద్రం. వేరొక టెర్మినల్‌లో తెరవాలి.

అర్థంలేని ఆంగ్ల అక్షరాలు వస్తే అది బొమ్మముక్కల ఫాంటుతో రాసిన పాఠం. ఏ ఫాంటో తెలుసుకొని, దానికి తగిన పరివర్తకంతో యూనికోడ్‌లోకి మార్చాలి.

8. అనంతపురం నేపథ్యంలో అన్వయం

ఈ చర్చ కంప్యూటర్ నిపుణులకు పరిమితమైనది కాదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2009 నిబంధనల తరువాత పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతులు శోధ్‌గంగలో చేరుతున్నాయి. బొమ్మముక్కల ఫాంట్లతో డీటీపీ కేంద్రాలలో కూర్చిన తెలుగు సిద్ధాంత గ్రంథం పీడీఎఫ్‌గా తెరపై అందంగానే కనిపిస్తుంది. కాని అందులో ‘పెన్న’ అని వెతికితే ఒక్కచోటా దొరకదు. యంత్రం దృష్టిలో అది తెలుగు గ్రంథం కాదు. కరవు మీద, కరవు పాటల మీద, పెన్న ఒడ్డు మాండలికం మీద సేకరించిన సమాచారం ఉండి కూడా తరువాతి పరిశోధకునికి అందదు.

అనంతపురం పట్టణంలో 1981లో ఏర్పడిన శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, 2008లో విశ్వవిద్యాలయమైన జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం ఉన్నాయి. 2018లో ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ విశ్వవిద్యాలయం మొదలైంది. భాషాపరిశోధకులూ సాంకేతిక విద్యార్థులూ ఒకే ఊరిలో ఉన్న చోటు ఇది. ఏటా సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షంతో నెట్టుకొచ్చే ఈ మెట్ట ప్రాంతపు విద్యార్థికి, రుసుము లేని లినక్స్, అంతర్జాలం లేకుండానే చదవగల మార్గదర్శక పుటలు అక్కరకు వచ్చే వనరులు. అవి తన భాషలో సరిగా కనిపించకపోతే, దోషం తెలుగుదేననీ, సాంకేతిక విషయానికి తెలుగు పనికిరాదనీ ఆ విద్యార్థి నిర్ణయించుకుంటాడు. ఒక బైట్ పోవడం వల్ల కలిగే నష్టాలలో ఇదే పెద్దది.

డెబియన్ స్థాపక ప్రక్రియ, గ్నోమ్, కేడీఈ వంటివాటికి తెలుగు అనువాదాలు స్వచ్ఛంద కార్యకర్తల కృషితోనే వచ్చాయి. మాన్ పేజీల విషయంలో వారికి తోడు కావలసినది పాఠాన్ని పోల్చి, దోషాన్ని వర్గీకరించి, కారణాన్ని నిర్ధారించే శిక్షణ. అది తెలుగు శాఖలలో ఇప్పటికే ఉంది. ఒక చిన్న మాన్ పేజీని అనువదించి, గుత్తి, పుట్టపర్తి, ఫైల్, సాఫ్ట్‌వేర్ వంటి పరీక్షాపదాలను అందులో చేర్చి, ప్రతి దశలో వాటి గతిని నమోదు చేయడం ఎంఏ స్థాయి విద్యార్థి చేయగల పని.

9. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. తెలుగు మాన్ పేజీలలోని దోషాలు బైట్ స్థాయి, గడుల గణన, అక్షరరూపం, వెతుకులాట అనే వేర్వేరు స్థాయిలకు చెందినవి. ఒక స్థాయి దోషానికి మరొక స్థాయి పరిష్కారం పనికిరాదు.

2. సంకేతదోషం సూత్రబద్ధమైనది. అందువల్ల లేఖకప్రమాదం కంటే దీనిని నిర్ణయించడం సులభం.

3. విండోస్-1252 ద్వారా జరిగే నష్టం పొల్లు, కొమ్ములపైనే అధికంగా పడుతుంది. పలుకు, పల్కు వంటి రూపాల మధ్య నిర్ణయానికి ఛందోజ్ఞానం, భాషాజ్ఞానం తప్పనిసరి.

4. మాన్ పేజీ మొదటి పంక్తిలో సంకేతీకరణను ప్రకటించడం, పాఠాన్ని యూటీఎఫ్-8లో ఏకరూపానికి తేవడం, అదృశ్య విభాజకం వాడుకపైనా శీర్షికల పరిభాషపైనా ముందే ఒక నియమం పెట్టుకోవడం అనువాదకులు పాటించదగిన కనీస పద్ధతి.

5. చెడిన పాఠం ఎదురైనప్పుడు దోషస్థాయి తేలేవరకు దానిని భద్రపరచకూడదు. మూలప్రతిని ముట్టకుండా నకలుపై పనిచేయడం తాళపత్రాల విషయంలో ఎంత అవసరమో ఇక్కడా అంతే అవసరం.

ఎర్రగుడి శాసనాన్ని చెక్కినవాడు పంక్తి ఎటు నడుస్తుందో రాతిపై రాయలేదు. తరువాతివారు శ్రమించి ఆ నియమాన్ని కనుగొన్నారు. నేటి రచయితకు ఆ నియమాన్ని మొదటి పంక్తిలోనే రాసిపెట్టే వీలుంది. రాయడమే మేలు.